ఆరూ ముప్పై ఎనిమిదికి తెరిచిన తలుపు

మైక్రోస్కోపులో చీకటి కనిపించాలి. దివ్యశ్రీకి ఆకుపచ్చ మంట కనిపించింది.

ఆ ప్లేటు తీసి రెండోది పెట్టింది. అదీ అంతే. మూడోది, నాలుగోది, ఐదోది. ఒక్కో ప్లేటుకి ఇరవై నాలుగు గుంటలు. ఏ గుంటలో చూసినా కణాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. సగం అప్పటికే ఉబ్బి, పగిలి, నీళ్లలో తేలుతున్నాయి.

ఉదయం పదీ ఇరవై. మధ్యాహ్నం మూడింటికి ముగ్గురు నిపుణుల బృందం ఇదే గదిలో నిలబడి ఇవే కణాలను చూడాలి. ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు నడవాలా, ఇవాళే మూతపడాలా అన్నది వాళ్లు తేలుస్తారు.

వెనక నుంచి ప్రొఫెసర్ సోమేశ్వరరావు ఎన్ని పోయాయని అడిగాడు. అన్నీ పోయాయని దివ్యశ్రీ చెప్పింది. ఆయన తిట్టలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆయన తిట్టే మనిషి. అందుకే గదిలో అందరికీ భయం వేసింది.

ఒడిశాలో బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే రోడ్డు పక్కన మూడంతస్తుల చిన్న పరిశోధన కేంద్రం అది. పై అంతస్తు చివర కిటికీలు లేని గది. మన ఒంట్లో ఏ కణంలోకైనా వైరస్ దూరితే, లోపల ఒక రకం ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపు కడతాయి. ఆ గుంపే అలారం. దాంతో చుట్టుపక్కల కణాలకు హెచ్చరిక వెళ్తుంది, రోగనిరోధక శక్తి మేలుకుంటుంది. దివ్యశ్రీ ఆ ప్రోటీనుకు ఒక మొక్క నుంచి తీసిన చిన్న తునకను అతికించింది. ఆ తునకకు నీలికాంతి తగిలితే చాలు, వైరస్ లేకపోయినా ప్రోటీన్లు గుంపు కడతాయి, అలారం మోగుతుంది. మోగిన కణం పచ్చగా మెరుస్తుంది. వెలుగు ఎక్కడ పడితే అక్కడే మోగుతుంది, పక్క కణం నిద్రపోతూనే ఉంటుంది. అలారం అనవసరంగా మోగి కీళ్లను, పేగులను తినేసే జబ్బులున్నాయి. ఆ అలారాన్ని మనిషి చేతిలోకి తెచ్చుకోవడానికి ఇది మొదటి మెట్టు.

చిక్కల్లా ఒకటే. ఒక్కసారి గుంపు కట్టిన ప్రోటీన్లు మళ్లీ విడిపోవు, అలారం మోగి మోగి చివరికి కణమే పగిలి చస్తుంది. అందుకే ఆ కణాలను పుట్టిన దగ్గర్నుంచి చీకట్లో పెంచాలి. గది పైకప్పుకు ఒక మసక ఎర్ర బల్బు, అంతే. ఎరుపు ఆ కణాలకు కనిపించదు. నీలం కాస్త తగిలినా ఇదిగో, ఇలా అవుతుంది.

నిన్న సాయంత్రానికీ ఈ ఉదయానికీ మధ్య ఎవరో వాటికి వెలుగు చూపించారు.

దివ్యశ్రీ ఇంకో సంగతి కూడా గమనించింది. ఇంక్యుబేటర్‌లో ఆరు ప్లేట్లుండాలి. ఐదే ఉన్నాయి. ఆ మాట ఆమె వెంటనే చెప్పలేదు. సమయం చూసి వాడుకోవాలనుకుంది. ఎందుకంటే ఆరోది ఎవరు తీసి ఉంటారో ఆమెకు తెలుసు.

కీర్తి.

కీర్తి వచ్చి ఎనిమిది నెలలైంది. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేసి బరంపురంలోనే స్థిరపడ్డాడు. ఆమె మాత్రం పూణేలో చదివి, అక్కడే డాక్టరేట్ తెచ్చుకుని తిరిగొచ్చింది. దివ్యశ్రీ తన డాక్టరేట్ కోసం ఈ కణాలతో నాలుగేళ్లు గడిపింది. తొంభై ఆరు రకాలు తయారు చేస్తే ముప్పై ఒకటో రకం ఒక్కటి పనిచేసింది. ఆ రోజు ఒంటరిగా మైక్రోస్కోపు ముందు కూచుని ఏడ్చింది. నాలుగేళ్లూ సోమేశ్వరరావు ఆ పనిని 'పరవాలేదు' అన్నాడు.

కీర్తి వచ్చిన మూడో నెలలో దసరా భోజనాలకు దివ్యశ్రీ బరంపురం పట్టుచీర కట్టుకొచ్చింది. సిల్కు బజారులో వాళ్ల కుటుంబానికి మూడు తరాల దుకాణం. అంచు మీద వరసగా గుడిగోపురాలు. కీర్తి ఆ అంచును ఫోటో తీసుకుని, నల్లటి రేకు మీద అదే ఆకారం కోయించి, రేకు గుండా నీలికాంతిని కణాల మీద పడేసింది. మర్నాటికి ప్లేటు మీద పట్టంచు పచ్చగా వెలిసింది. గోపురం లోపలి కణాలు మెరుస్తున్నాయి, బయటివి నిద్రపోతున్నాయి. సోమేశ్వరరావు ఆ ఫోటోను పెద్దగా అచ్చువేయించి గుమ్మం దగ్గర తగిలించాడు. బుర్రంటే ఇదీ అన్నాడు.

చీర తనది. కణాలు తనవి. బుర్ర మాత్రం కీర్తిది.

అంతటితో ఆగలేదు. వెలుగు పరీక్షలకు వాడే ప్లేట్ల మీద కీర్తి తన పొడి అక్షరాన్ని రాయడం మొదలుపెట్టింది. లేబుల్ మీద ముప్పై ఒకటి చిన్నదైంది, పక్కన 'కె' పెద్దదైంది. పైగా నోరు తెరిస్తే 'అక్కా, అక్కా' అంటుంది. ఆ పిలుపు వినగానే దివ్యశ్రీకి పళ్ల మధ్య ఇసుక పడ్డట్టుండేది. ఇవాళ నిపుణుల్ని భువనేశ్వర్ నుంచి కారులో తీసుకురావడానికి కూడా సార్ కీర్తినే పంపాడు. నిన్న సాయంత్రమే వెళ్లింది. బృందం ముందు మాట్లాడేదీ కీర్తే.

పదీ ముప్పావుకు టెక్నీషియన్ పూర్ణచంద్ర ఇంక్యుబేటర్ తలుపు లెక్క పట్టుకొచ్చాడు. ఆ తలుపు ఎప్పుడు తెరిచినా, మూసినా యంత్రం సమయం రాసుకుంటుంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ ఉదయం దివ్యశ్రీ తీసేదాకా రెండుసార్లే తెరిచారు. ఐదూ పదికి తెరిచి రెండు నిమిషాల్లో మూశారు. ఆరూ ముప్పై ఎనిమిదికి తెరిచి పదకొండు నిమిషాలుంచారు.

ఐదూ పది కీర్తిదేనని సోమేశ్వరరావు అన్నాడు. రోజూ బయల్దేరేముందు ఆమె ఒకసారి చూసుకుంటుంది. మరి ఆరూ ముప్పై ఎనిమిది ఎవరిది?

"ఆ టైంకి గది తుడిసేది బుల్లమ్మ మావుసే, ఆజ్ఞా," అన్నాడు పూర్ణచంద్ర. ఒడియాలో ఆజ్ఞా అంటే అయ్యా, మావుసి అంటే పిన్ని.

దివ్యశ్రీ నేల చూసింది.

ఆరూ ముప్పై ఎనిమిది తనది.

నిన్న కీర్తి వెళ్లిపోయాక, బుల్లమ్మ గది తుడిచి బకెట్‌తో బయటికొచ్చేదాకా ఆగి, తను లోపలికెళ్లింది. లేబుళ్లు చదవడానికి ఆ మసక బల్బు చాలదు. తలకు కట్టుకునే ఎర్ర లైటు ఒకటుంది. దాన్ని కీర్తి తన సొరుగులో పెట్టి తాళం వేసుకు వెళ్లింది. కీర్తి ఇక్కడే ఉన్నా దివ్యశ్రీ అడిగేది కాదు. బ్యాగులో షాపు నుంచి తెచ్చిన చీర పెట్టె ఉంది, పైన ఎర్ర జెలటిన్ కాగితం చుట్టి. అది విప్పి, రెండు మడతలు పెట్టి, ఫోను టార్చికి రబ్బరు బ్యాండుతో బిగించింది. చీకట్లో ఎర్రటి వెలుగు వచ్చింది. ఒక్కో ప్లేటూ తీసి, తిప్పి, కిందనుంచి పైనుంచి పరీక్షగా చూసింది. ఎక్కడైనా బూజు పట్టిందేమో, ద్రవం మసకబారిందేమో, కీర్తి చేతి తప్పు ఒక్కటైనా దొరుకుతుందేమోనని. అలా పదకొండు నిమిషాలు వెతికినా ఏమీ దొరకలేదు. ఆరో ప్లేటు మాత్రం అప్పటికే లేదు.

కాబట్టి పాడు చేసింది తను కాదు. ఎర్ర వెలుగులో చూస్తే కణాలకు ఏమీ కాదు. ఆ సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు? తప్పు ఐదూ పదికే జరిగింది. కీర్తి వల్ల జరిగింది. కాని తను లోపలికెళ్లానని చెబితే ఎందుకు వెళ్లావని అడుగుతారు. దొంగలా వేరేవాళ్ల ప్లేట్లు తిప్పి చూశానని ఎలా చెప్పడం? అదీ కీర్తి ముందు?

నోరు మూసుకుంది. ముందు కీర్తి సంగతి తేలితే బుల్లమ్మ మీది నింద ఎలాగూ పోతుందనుకుంది.

బుల్లమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పొడంపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. పాత ఊరు సముద్రంలోకి పోయాక లోపలికి కట్టిన కాలనీలో ఉంటోంది. భర్త పడవ మీద నుంచి పడి నడుం పోగొట్టుకున్న దగ్గర్నుంచి ఈ ఉద్యోగమే ఇంటికి ఆధారం. సోమేశ్వరరావు ఆమెను కూర్చోమనలేదు. ఇంక్యుబేటర్ ఎందుకు తెరిచావని అడిగాడు.

"నానెందుకు తీత్తాను బాబూ. ఆ పెట్టె జోలికి ఎల్లొద్దని మొదటి దినమే సెప్పేరు గదా. నేల తుడిసేను, ఎల్లిపోయేను."

ఎన్నింటికి వెళ్లావంటే ఆరున్నరకని చెప్పింది. ఎవరైనా చూశారా అంటే ఆమె చూపు దివ్యశ్రీ మీదుగా జరిగి గోడ మీదికి పోయింది. ఎవరూ చూడలేదంది.

ఆ మాట అబద్ధమని దివ్యశ్రీకి తెలుసు. ఆరున్నరకు వరండాలో బుల్లమ్మ తనకు ఎదురొచ్చింది. బస్సుకి ఆలస్యమైపోతోందని కూడా అంది.

సోమేశ్వరరావు తీర్పు చెప్పేశాడు. బృందం ప్లేట్లు ఎందుకు పోయాయని అడుగుతుంది. సమాధానం కాగితం మీద ఉండాలి. శుభ్రం చేసే మనిషి పొరపాటున తలుపు తెరిచి లైటు వేసింది, ఆమెను పనిలోంచి తీసేశాం, ఇక ముందు ఇలా జరగదు. రెండింటికల్లా బుల్లమ్మ ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. రేపటి నుంచి రానక్కర్లేదు.

అందరూ వెళ్లాక దివ్యశ్రీ ఆయన గదిలోకెళ్లింది. చెప్పాల్సినదాన్ని జాగ్రత్తగా పేర్చుకుని చెప్పింది. మావుసిని అనడానికి ముందు ఐదూ పది సంగతి చూడాలి కదా సార్. ఆరు ప్లేట్లుండాల్సిన చోట ఐదే ఉన్నాయి. ఆరోది ఎటు పోయింది? కీర్తి ఫోను పట్టుకుని లోపలికెళ్తుంది, ఫోటోలు తీస్తుంది. ఒకసారి ఫ్లాష్ పడి ఉంటే? ఒక ప్లేటు పాడైందని దాన్ని మాయం చేసి, మిగతావి బాగానే ఉన్నాయనుకుని వెళ్లిపోయి ఉంటే?

చెప్పేకొద్దీ అదే నిజమనిపించింది. ఏదో తియ్యటిది నాలుక మీద కరుగుతున్నట్టుంది.

సోమేశ్వరరావు ముఖం నల్లబడింది. కీర్తికి ఫోన్ చేయడానికి లేదు, కారులో నిపుణుల పక్కన కూచుని ఉంది. ఫోన్‌లో రాసి పంపాడు. ఐదు ప్లేట్లూ పోయాయి, ఆరోది ఎక్కడ?

జవాబు రాలేదు. పదకొండున్నర. పన్నెండు. బృందం దారిలో రంభ అనే ఊళ్లో ఆగిందని డ్రైవరు ఫోన్‌లో చెప్పాడు. ఒకాయనకు చిలికా సరస్సు చూడాలనిపించిందట, అక్కడే చేపల భోజనానికి కూచున్నారట. దివ్యశ్రీ వరండాలో నడుస్తూ తన ముందున్న రోజులను ఊహించుకుంది. కీర్తి పెట్టె సర్దుకోవడం. గుమ్మం దగ్గరి ఫోటో దించేయడం. బృందం ముందు తను నిలబడడం.

పన్నెండూ పదికి జవాబొచ్చింది. సోమేశ్వరరావు దాన్ని పైకి చదివాడు.

ఏప్రిల్ గాలివానలకు కరెంటు పోతుందని భయమేసి, నిన్న ఐదూ పదికి కీర్తి ఒక ప్లేటును ఎర్ర లైటు కింద తీసి, రేకు డబ్బాలో పెట్టి, కింది అంతస్తులో శ్యామసుందరరావు గారి ల్యాబు ఇంక్యుబేటర్‌లో దాచింది. పూణేలో ఒకసారి కరెంటు పోయి ఆరు నెలల పని బూడిదైందట. చెప్పడం మరిచిపోయాను, క్షమించండి సార్ అని రాసింది. చివర్లో ఒక వాక్యం. దివ్యక్కకి చెప్పండి, కంగారు పడొద్దని.

కిందికి పరిగెత్తారు. పూర్ణచంద్ర చీకట్లోనే ప్లేటు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. నలుపు. ఇరవై నాలుగు గుంటల్లోనూ చక్కటి, నిండు నలుపు. కణాలన్నీ బతికే ఉన్నాయి, నిద్రపోతున్నాయి.

సోమేశ్వరరావు ముఖంలో రక్తం తిరిగొచ్చింది. ఆ పిల్ల లేకపోతే ఇవాళ మన పని అయిపోయేది అన్నాడు. పూర్ణచంద్ర తలూపాడు. దివ్యశ్రీ కూడా తలూపింది. కణాలు బతికినందుకు సంతోషించాలి కదా. అవి తను కన్న కణాలు. కాని వాటిని బతికించింది కీర్తి.

ఆ మాట వెనకే ఇంకో ఆలోచన మెల్లగా పైకి లేచింది. ఐదూ పదికి కీర్తి తీసిన ప్లేటు బాగుంది. అప్పుడు లోపల మిగిలిన ఐదూ మాత్రం పోయాయి. అంటే కీర్తి తలుపు తెరిచినప్పుడు ఏమీ కాలేదు. తర్వాతే అయింది. తర్వాత తెరిచింది ఒకసారే.

కాని తను వాడింది ఎర్ర వెలుగు.

ఎర్ర వెలుగే.

సోమేశ్వరరావు లెక్క కూడా అదే చెప్పింది. ఇంకేముంది, ఆరూ ముప్పై ఎనిమిదే, బుల్లమ్మే అని తేల్చేశాడు. ప్రదర్శనకు ఒక ప్లేటు దొరికినా ఐదు పోయిన మాట దాచలేం, కాగితం తయారు చెయ్యి అని దివ్యశ్రీకే పురమాయించాడు. ఆయన చెప్పినట్టే ఆమె ఒడియాలో రాసింది. బుల్లమ్మ అనే నేను. నా అజాగ్రత్త వల్ల. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వస్తే మెట్ల దగ్గర బుల్లమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూచుని ఉంది. మూత తియ్యలేదు. దివ్యశ్రీ పక్కనే కూచుంది. ఎందుకు కూచుందో తనకే తెలియదు.

"రాసేసేరా అమ్మా?"

"సార్ సెప్పినట్టు రాసేను మావుసీ. నువ్వు లైటేటైనా ఏసేవేటి? టార్చీ అయినా?"

"టార్చీ ఏసుకోకుండా ఆ సీకట్లో నేల అవుపిత్తాదేటి? ఇదిగో." చీర కొంగు ముడి విప్పి చిన్న టార్చి తీసింది. అద్దం మీద ముదురు ఎర్ర కాగితం, చుట్టూ నల్ల టేపు. "మా ఊర్లో అందరి కాడా ఇదే. అడివిశాఖోళ్లు ఇచ్చేరు. ఇప్పుడు తాబేలు పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని ఇసకలోంచి ఒచ్చే కాలం గదా. తెల్ల లైటు సూసేయంటే సముద్రం కాసి ఎల్లడం మానేసి ఊరి కాసి ఒచ్చేత్తాయి. కుక్కలు పట్టేత్తాయి. ఎర్ర లైటయితే ఆటికి అవుపడదు."

దివ్యశ్రీ ఆ టార్చి చేతిలోకి తీసుకుంది. ఎర్రటి, చిక్కటి వెలుగు. రక్తం రంగు.

"కాగితం ముదురుగుంది."

"ముదురుదే ఉండాల. పోయినేడు కాగితాలు అయిపోయేయని మా ఊరి కుర్రోడు అప్పయ్య మిఠాయి డబ్బాకి సుట్టే కాగితం కట్టేడు. రాణీ రంగుది. సీకట్లో ఏసి సూత్తే ఎర్రగానే ఉంది. మేమందరం ఇదీ ఎర్రే గదా అనుకున్నాం. పిల్లలు కట్ట కట్టుకుని ఆడి కాళ్ల ఎనకాలే ఒచ్చేసేయి. అడివిశాఖ బాబు ఒచ్చి తిట్టేడు. ఆ కాగితంలోంచి నీలం కూడా ఒచ్చేత్తాదంట. మన కంటికి తెలీదంట, తాబేలు కంటికి తెలుత్తాదంట."

దివ్యశ్రీ వేళ్లు టార్చి మీద బిగుసుకున్నాయి.

బుల్లమ్మ ఆమెను చూడకుండానే డబ్బా మూత వేలితో తడుతూ నెమ్మదిగా అంది. "నిన్న బస్టాండుదాకా ఎల్లి, ఈ డబ్బా మరిసిపోయేనని తిరిగొచ్చేను. గది బయట తవరి సెప్పులున్నాయి."

దివ్యశ్రీ టార్చి ఆర్పేసింది.

"ఆ పురుగులకి తవరే తల్లి, తవరి సేత్తో ఆటికేటీ అవ్వదు అనుకున్నాను. అందుకే పదిమందిలో ఆడపిల్ల పేరు ఎందుకు తియ్యాలని నా నోరు నానే కట్టుకున్నాను." అప్పుడు తల తిప్పి చూసింది. "తవరి నోరు ఎవరు కట్టేరమ్మా?"

దివ్యశ్రీ లేచి బ్యాగు తీసుకుని సామాన్ల గదిలోకెళ్లి తలుపేసుకుంది. కిటికీ మూసి లైటు ఆర్పింది. బ్యాగు అడుగున మడతపెట్టిన జెలటిన్ కాగితం అలాగే ఉంది. ఫోనుకు చుట్టింది. ఎర్రటి వెలుగు. నోటుపుస్తకం తెరిచి, ముఖ్యమైన చోట్ల పసుపు హైలైటర్‌తో గీసిన పేజీ మీద ఆ వెలుగు పెట్టింది. ఎరుపు కింద ఆ గీత మాసిపోవాలి. నీలం తగిలితేనే అది మండుతుంది.

గీత నిప్పులా మండింది.

కిటికీ తెరిచి కాగితాన్ని దానికి అడ్డంగా పట్టింది. పగటి వెలుగులో అది ఎరుపు కాదు. రాణీ రంగు. పెళ్లి చీరల పెట్టెలకు చుట్టేదే, షాపులో చిన్నప్పటి నుంచి తను వందల పెట్టెలకు చుట్టిందే. నలభై రకాల ఎరుపుల్ని కళ్లు మూసుకుని చెప్పగలనని చుట్టాల దగ్గర గొప్పలు పోయేది. నిన్న ఆ కాగితాన్ని ఒక్క చూపు చూడలేదు. కళ్లన్నీ కీర్తి అక్షరం మీదే ఉన్నాయి.

ఆ వెలుగు కింద ఐదు ప్లేట్లనూ ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని తిప్పింది. తను కన్నవాటిని తనే.

ఒంటిగంట నలభై. చెప్పేయాలి. చెబితే డిగ్రీ సంగతేమవుతుందో ఎవరికి తెలుసు. చెప్పకపోతే ఇంకో ఇరవై నిమిషాల్లో బుల్లమ్మ సంతకం పెడుతుంది, సాయంత్రం బస్సెక్కుతుంది, అంతే. చెప్పుల సంగతి బుల్లమ్మ బయటపెట్టదు. పెట్టినా ఆ మాట ఎవరు నమ్ముతారు? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. వచ్చాక మాత్రం పోలేదు, అక్కడే కూచుంది.

రెండింటికి కారొచ్చింది. నిపుణులు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి అతిథిగృహంలోకెళ్లారు. కీర్తి మెట్లు రెండేసి ఎక్కుతూ పైకొచ్చింది. నలిగిన చుడీదార్, చెదిరిన జుట్టు. అయినా దివ్యశ్రీకి ఆమె అందంగానే కనబడింది, దానికీ ఒళ్లు మండింది.

సోమేశ్వరరావు గదిలో ఐదుగురు. బల్ల మీద కాగితం. బుల్లమ్మ చేతిలో పెన్ను. ఆమె ఒడియా అక్షరాలు నెమ్మదిగా, ఒక్కొక్కటే బొమ్మలా గీస్తుంది. మొదటి అక్షరం పూర్తయింది.

కీర్తి ఆగమంది. సార్, ఏ లైటు వేసిందో చూశారా అని అడిగింది. చూడటానికేముందని ఆయన విసుక్కున్నాడు. కీర్తి సంచిలోంచి అగ్గిపెట్టెంత యంత్రం తీసింది. వెలుగులో ఏయే రంగులున్నాయో గీత గీసి చూపించేది. బుల్లమ్మను టార్చి అడిగి, వెలిగించి దాని ముందు పెట్టింది. తెర మీద ఒకే ఒక గుట్ట లేచింది, కుడి చివర, ఎరుపు దగ్గర. నీలం ఉండాల్సిన చోట గీత నేలకంటుకుని ఉంది.

"మావుసి లైటు కింద నెల్లాళ్లు పెట్టినా కణాలకేటీ అవ్వదు సార్," అంది కీర్తి. "ఈ లైటుతో ప్లేట్లు పోలేదు. ఇంకెవరిదో ఉంది."

పూర్ణచంద్ర తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు, నాదీ చూడండి ఆజ్ఞా అన్నాడు. సోమేశ్వరరావు తనదీ తీశాడు. కీర్తి ఒక్కొక్కటీ యంత్రం ముందు పెడుతూ, గది తలుపు దగ్గర ఇంకెవరైనా ఉన్నారా, వరండాలో ఎవరైనా కనబడ్డారా అని అడుగుతోంది. హడావిడి లేదు, గొంతు పెంచడం లేదు. ఒక చిక్కుముడిని గోటితో విప్పుతున్నట్టు అడుగుతోంది. ఐదు నిమిషాల్లో విప్పేస్తుంది. దివ్యశ్రీకి అది స్పష్టంగా కనబడింది. ఇది కూడా కీర్తే కనిపెడుతుంది. గుమ్మం దగ్గర ఇంకో ఫోటో. బుర్రంటే ఇదీ.

బుల్లమ్మ పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది. రెండో అక్షరం సగంలో ఆగింది. ఆమె ఎవరి వైపూ చూడడం లేదు.

కీర్తి తలెత్తింది. చూపు గదంతా తిరిగి దివ్యశ్రీ భుజానికున్న బ్యాగు మీద ఆగింది. జిప్పు పూర్తిగా పడలేదు. సందులోంచి రాణీ రంగు కాగితం చివర మెరుస్తోంది. కీర్తి కళ్లు కొద్దిగా చిన్నవయ్యాయి. పెదవులు విడివడుతున్నాయి.

"అక్కా, అది..."

వద్దు. దీన్ని నీకు ఇవ్వను.

దివ్యశ్రీ రెండడుగుల్లో బల్ల దగ్గరికెళ్లి బుల్లమ్మ చేతిలోంచి పెన్ను లాక్కుంది. తన ముత్యాల్లాంటి చేతిరాతను ఒక చివర నుంచి ఇంకో చివరకు కొట్టేసింది. జెలటిన్ కాగితం తీసి యంత్రం పక్కన పడేసింది.

"కొలుచుకో కీర్తీ. ఇందులోంచి నీలం ఒత్తాది, నాను సూసేను. నువ్వు కనిపెట్టక ముందే సూసేను." ఆ తర్వాత సోమేశ్వరరావు వైపు తిరిగింది. నాలుగేళ్లలో మొదటిసారి ఆయన ఆమెను పూర్తిగా చూస్తున్నాడు. "మావుసి ఆరున్నరకే ఎల్లిపోయింది సార్, నాను సూసేను. ఆరూ ముప్పై ఎనిమిదికి తలుపు తెరిసింది, ఐదు ప్లేట్లూ సంపింది దివ్యశ్రీ."